డైవ్ కంప్యూటర్‌లోని లెక్కలు ఇంటి కంప్యూటర్‌కు: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

విజయనగరం జిల్లా చింతపల్లి తీరంలోనూ, శ్రీకాకుళం జిల్లా బారువ తీరంలోనూ నీటి అడుగున పాత ఓడల శిథిలాలున్నాయి. వాటిని చూడటానికి సిలిండరు కట్టుకుని దిగేవారూ ఉన్నారు. అలా దిగేవారి మణికట్టు మీద డైవ్ కంప్యూటర్ ఇప్పుడు మామూలైపోయింది. ఎంత లోతుకు వెళ్లారు, ఎన్ని నిమిషాలున్నారు, ఎంత వేగంగా పైకి తేలారు, నీరు ఎంత చల్లగా ఉంది అన్న లెక్కలన్నీ కొన్ని సెకన్లకొకసారి అది రాసుకుంటూనే ఉంటుంది. అయితే దాని జ్ఞాపకం చిన్నది. అది నిండిందంటే పాత డైవును చెరిపి ఆ చోట కొత్త డైవును రాస్తుంది. మనం దించుకోకపోతే ఆ లెక్క పోయినట్టే.

దించుకుందామని కూర్చుంటే చిక్కు ఇంటి కంప్యూటర్ దగ్గర వస్తోంది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. దాంతో ఇంటికి కొత్త కంప్యూటర్ కొన్నవారు చాలామంది. కొత్త ల్యాప్‌టాప్‌కు సీరియల్ పోర్టు లేదు, పాత సీడీ పెట్టడానికి డ్రైవు లేదు. డైవ్ కంప్యూటర్ కంపెనీ వెబ్‌సైటులో మీ పాత మోడల్ పేరే కనిపించదు. ఏం చేయాలని అడిగితే కొత్త డైవ్ కంప్యూటర్ కొనుక్కోమంటారు. అంత అవసరం చాలామందికి లేదు. ఉన్న దారులేమిటో, ఎవరికి ఏది కుదురుతుందో చూద్దాం.

ఎంచుకునే ముందు దేన్ని చూడాలి

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్న ప్రశ్నతో మొదలుపెట్టేవారే ఎక్కువ. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, మీ డైవ్ కంప్యూటర్ బయటి ప్రపంచంతో ఎలా మాట్లాడుతుంది? సీరియల్ తీగా, యూఎస్‌బీ కేబులా, పరారుణ కిరణాలా, బ్లూటూతా? సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. రెండోది, ఇంట్లో ఉన్నది విండోసా, మ్యాకా, లినక్సా? మూడోది, ఈ రోజు దించుకున్న ఫైలు పదేళ్ల తర్వాత వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటుందా? సాఫ్ట్‌వేర్ ఎంపిక ఈ మూడో ప్రశ్నకు జవాబు.

వీటికి తోడు మన ఊళ్ల కోసం ఇంకొకటి కలపాలి. నెట్ లేనప్పుడు పని జరుగుతుందా అన్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం పల్లెలు ఎన్నాళ్లు చీకట్లో ఉన్నాయో అక్కడివారికి చెప్పక్కర్లేదు. అన్నీ ఇంటర్నెట్‌లోనే ఉంచే పద్ధతీ, అన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉంచే పద్ధతీ రెండూ ఇక్కడ ప్రమాదమే. ఖర్చును చివర చూడవచ్చు. మంచి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, డబ్బు పోయేదంతా కేబుల్ మీదే.

మీ యంత్రానికి ఉన్న దారి

| అనుసంధానం | కనిపించే మోడళ్లు | విండోస్ 11 | నేటి మ్యాక్ | లినక్స్ |
|---|---|---|---|---|
| తొమ్మిది పిన్నుల సీరియల్ | సూంటో వైపర్, కోబ్రా, స్టింగర్ తరం | సీరియల్‌ను యూఎస్‌బీకి మార్చే మంచి కన్వర్టర్ ఉంటే సాగుతుంది | సాగుతుంది, కన్వర్టర్ చిప్ చూసుకోవాలి | సాగుతుంది |
| యూఎస్‌బీ కేబుల్ | సూంటో డీ శ్రేణి, మారెస్ మోడళ్లు కొన్ని | కేబుల్‌లోని చిప్‌ను నడిపే ప్రోగ్రామును (డ్రైవర్) బట్టి | చిప్‌ను బట్టి | చాలావరకు డ్రైవర్ అక్కర్లేదు |
| పరారుణ | యువాటెక్ స్మార్ట్, గెలీలియో సోల్, అలాడిన్ టెక్ | కష్టం | దారి లేదు | 2018 నుంచి దారి మూసుకుంది |
| బ్లూటూత్ లో ఎనర్జీ | షియర్‌వాటర్ టెరిక్, పెరెగ్రిన్, స్కూబాప్రో జీ2, సూంటో డీ5 | సులువు | సులువు | సులువే, కాస్త ఓపిక కావాలి |

బ్లూటూత్ ఉన్నవారికి చెప్పాల్సింది ఒక్కటే. ఈ యంత్రాలు ఒకసారికి ఒక్కరితోనే మాట్లాడతాయి. ఫోనులో కంపెనీ యాప్ తెరిచి ఉంటే కంప్యూటర్‌కు యంత్రం కనిపించదు. ఆ యాప్ మూసి, అవసరమైతే ఫోను బ్లూటూత్ ఆపి, అప్పుడు వెతకండి. సగం ఫిర్యాదులు దీనితోనే తీరిపోతాయి.

అసలు కథ సీరియల్ కేబుళ్లది. సెకండ్ హ్యాండ్‌లో దొరికే పాత సూంటో వైపర్‌నే తీసుకోండి. దాని మొత్తం జ్ఞాపకం 8 కిలోబైట్లు. ఫోనులో తీసే ఒక ఫొటో దానికి వందల రెట్లుంటుంది. ఆ కాస్త సమాచారాన్నీ సెకనుకు 2,400 బిట్ల వేగంతో పంపుతుంది, అంటే సెకనుకు రమారమి 218 బైట్లు. కాబట్టి తెర మీద గీత కదలడం లేదని కేబుల్ లాగేయకండి, పని జరుగుతూనే ఉంటుంది. ఇంకో సంగతి ఏమిటంటే, ఆ కేబుల్‌కు సొంత బ్యాటరీ లేదు. సీరియల్ పోర్టులోని ఒక సంకేత తీగ నుంచే కాస్తంత కరెంటు తీసుకుని బతుకుతుంది. చవకబారు యూఎస్‌బీ కన్వర్టర్ ఆ కరెంటును సరిగా ఇవ్వదు. అలాంటప్పుడు కంప్యూటర్ పోర్టు ఉందంటుంది, సాఫ్ట్‌వేర్ యంత్రం లేదంటుంది, మనం ఏమో వైపర్ చచ్చిపోయిందనుకుంటాం.

కన్వర్టర్లలోని చిప్ సంగతి తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది. మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి ఎఫ్‌టీడీఐ, ప్రొలిఫిక్, సీహెచ్340 చిప్‌లు. ప్రొలిఫిక్ పాత చిప్‌లకు, వాటి నకళ్లకు కొత్త విండోస్ డ్రైవర్ పనిచేయదు. డివైజ్ మేనేజర్ తెరిస్తే ఆ పేరు పక్కన పసుపు త్రిభుజం, ఈ చిప్‌ను 2012లోనే ఆపేశాం, అమ్మినవారిని అడగండి అన్న అర్థంలో ఒక వాక్యం కనిపిస్తాయి. అది చూసి కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించినవారూ ఉంటారు. అవసరం లేదు, కన్వర్టర్ మారిస్తే చాలు. డైవింగ్ పనికి ఎఫ్‌టీడీఐ అసలు చిప్ ఉన్నదే తీసుకోవాలని నా సలహా. విండోసైనా, మ్యాకైనా, లినక్సైనా దాన్ని గొడవ లేకుండా గుర్తిస్తాయి.

అలాంటిది మన ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది? ఫోను సామాన్లు అమ్మే దుకాణంలో అడిగితే మొహం తేలేస్తారు. రైస్ మిల్లుల దగ్గర లారీల కాటా గదిలో తొంగి చూడండి. కాటా మీటరు నుంచి కంప్యూటర్‌కు బరువు వెళ్లేది చాలాచోట్ల ఇప్పటికీ తొమ్మిది పిన్నుల సీరియల్ తీగలోనే. కాటాలు బిగించి మరమ్మతు చేసేవారికి ఏ కన్వర్టర్ నిలుస్తుందో, ఏది మూడు నెలల్లో మొరాయిస్తుందో చేతి అనుభవంతో తెలుసు. విజయనగరం, శ్రీకాకుళం రెండుచోట్లా ఇలాంటివారు దొరుకుతారు. ఆన్‌లైన్‌లో నక్షత్రాలు లెక్కపెట్టేకన్నా వారి మాట మేలు.

పరారుణ యంత్రాల వారిది వేరే బాధ. యువాటెక్ స్మార్ట్, గెలీలియో తరం కంప్యూటర్లు ఒకప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లకు ఉండే చిన్న ఎర్రటి కిటికీ గుండా మాట్లాడేవి. ఆ కిటికీ ల్యాప్‌టాప్‌ల నుంచి పోయింది. యూఎస్‌బీకి పెట్టుకునే పరారుణ అడాప్టర్లున్నా, అవతల వాటిని అర్థం చేసుకునే వ్యవస్థ ఉండాలి. లినక్స్ నుంచి 2018లో, దాని మూల భాగమైన కెర్నెల్ 4.17 వెర్షన్‌తో దాన్ని తీసేశారు. మ్యాక్‌లో లేదు. విండోస్‌లో ఒక్కో వెర్షన్‌లో ఒక్కో తీరు. మీది ఈ రకమైతే కొత్త కంప్యూటర్‌తో కుస్తీ పట్టకండి. పాత ల్యాప్‌టాప్ దారి కింద ఉంది, నేరుగా అక్కడికి వెళ్లండి.

కంపెనీ సాఫ్ట్‌వేరా, సబ్‌సర్ఫేసా, డబ్బు పెట్టి కొనేదా?

కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కు ఒక బలం ఉంది. యంత్రంలోని ప్రతి చిన్న లెక్కా అందులో కనిపిస్తుంది, యంత్రాన్ని లోపలి నుంచి నడిపే ప్రోగ్రామును (ఫర్మ్‌వేర్) నవీకరించాలన్నా అదే కావాలి. షియర్‌వాటర్ క్లౌడ్, స్కూబాప్రో లాగ్‌ట్రాక్ వంటివి ఈ కోవలోవే. బలహీనత కూడా అక్కడే ఉంది. కంపెనీ ఆసక్తి కొత్త మోడళ్ల మీదే ఉంటుంది. సూంటో ఒకప్పుడు నడిపిన మూవ్స్‌కౌంట్ సేవను మూసేసి అందరినీ కొత్త యాప్‌కు తరలించింది. మ్యాక్ వాడేవారు ఇంకో దెబ్బ తిన్నారు. 2019లో వచ్చిన మ్యాక్ఓఎస్ క్యాటలీనాతో ఆపిల్ పాత 32 బిట్ ప్రోగ్రాములన్నిటికీ స్వస్తి చెప్పింది. అంతకు ముందు కాలపు 32 బిట్ లాగ్‌బుక్ (డైవుల చిట్టా) సాఫ్ట్‌వేర్ ఏదైనా దానిలో తెరుచుకోదు.

సబ్‌సర్ఫేస్ అనే డైవ్ లాగ్‌బుక్ సాఫ్ట్‌వేర్ పుట్టుకే ఆసక్తికరం. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కు డైవింగ్ సరదా. 2011లో లినక్స్ కెర్నెల్ సర్వర్ల మీద దాడి జరిగి పని ఆగిపోయిన రోజుల్లో ఆయన దీన్ని మొదలుపెట్టారు. ఉచితం, కోడు అందరికీ అందుబాటులో ఉంటుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. నెట్ లేకపోయినా పూర్తిగా పనిచేస్తుంది. ఉచిత క్లౌడ్ ఖాతా పెట్టుకుంటే నెట్ వచ్చినప్పుడు కాపీ అక్కడికీ వెళ్తుంది. తుపాను జిల్లాలో ఉండేవారికి ఇంతకంటే ఏం కావాలి? పోతే, దాని తెర అంత ముద్దుగా ఉండదు. గ్రాఫులో గీతలు, రంగులు, అంకెలు కిక్కిరిసి ఉంటాయి. మొదటి వారం కాస్త తికమకగానే ఉంటుంది.

డబ్బు పెట్టి కొనేవాటిలో మ్యాక్‌కు మాక్‌డైవ్, విండోస్‌కు డైవింగ్ లాగ్ పేరున్నవి. చూడటానికి చక్కగా ఉంటాయి, ఫొటోలు, మ్యాపులు అమర్చుకోవడం తేలిక. కొనేముందు ఒక రహస్యం తెలుసుకోండి. వీటిలోనూ, సబ్‌సర్ఫేస్‌లోనూ యంత్రంతో మాట్లాడే పని చేసేది చాలావరకు లిబ్‌డైవ్‌కంప్యూటర్ అన్న ఒకే ఉమ్మడి కోడు. సబ్‌సర్ఫేస్‌కు మీ యంత్రం అందడం లేదంటే డబ్బిచ్చి కొన్నదానికీ అందకపోవడమే ఎక్కువ. అందుకే ముందు సబ్‌సర్ఫేస్‌తో కేబుల్‌ను పరీక్షించండి, ఆ తర్వాత అందం కోసం ఖర్చు పెట్టండి.

మూడో ప్రశ్నకు జవాబు యూడీడీఎఫ్ అనే ఫైలు రూపంలో ఉంది. డైవ్ లెక్కలకు ఉమ్మడిగా ఏర్పరచిన పద్ధతి ఇది. లోపలంతా మామూలు అక్షరాలే కాబట్టి నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవవచ్చు. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా అది యూడీడీఎఫ్‌గా బయటికి ఇస్తుందో లేదో మొదటి రోజే చూసుకోండి. ఇవ్వనిదాన్ని నేనైతే వాడను, ఎంత అందంగా ఉన్నా సరే.

పాత ల్యాప్‌టాప్, వర్చువల్ మెషీన్

బావగారి ఇంట్లో అటక మీద పడి ఉన్న విండోస్ 7 ల్యాప్‌టాప్ ఈ పనికి వజ్రం. పరారుణ యంత్రాలకు, పాత కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు నాకు తెలిసినంతలో ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. షరతు ఒక్కటే. దాన్ని నెట్‌కు కలపకండి. ఎక్స్‌పీకి 2014లోనే మద్దతు పోయింది, విండోస్ 7 కూడా భద్రతా నవీకరణలు లేనిదే. డేటా దించి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కొత్త కంప్యూటర్‌లో సబ్‌సర్ఫేస్‌లోకి దిగుమతి చేసుకోండి. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ను మళ్లీ అటక మీదికి పంపవచ్చు.

కొత్త కంప్యూటర్ లోపలే పాత విండోస్‌ను నడిపే వర్చువల్ మెషీన్ పద్ధతి వినడానికి తెలివిగా ఉంటుంది. యూఎస్‌బీ కేబుల్ విషయంలో చాలావరకు పనిచేస్తుంది కూడా. పాత సీరియల్ ఇంటర్‌ఫేస్‌లకు మాత్రం సంకేతాలు సరైన క్షణంలో అందాలి. మధ్యలో ఇంకో పొర చేరితే ఆ లయ తప్పుతుంది. 2020 చివర నుంచి ఆపిల్ సొంత చిప్‌తో వస్తున్న మ్యాక్ ఉన్నవారు ఈ దారి మర్చిపోవాలి. దానిలో నడిచేది ఆర్మ్ అనే వేరే రకం చిప్‌కు చేసిన విండోస్, పాత డ్రైవర్లు దానికి పనికిరావు. కంప్యూటర్లతో ఆడుకోవడం సరదా ఉన్నవారికే వర్చువల్ మెషీన్‌ను సిఫారసు చేస్తాను.

ఫోను మధ్యవర్తిగా

ఇంట్లో కంప్యూటర్ ఉన్నా డైవు చేసేది తీరంలో. ఆండ్రాయిడ్ ఫోనులో సబ్‌సర్ఫేస్ మొబైల్ వేసుకుంటే బ్లూటూత్ యంత్రాలే కాదు, ఓటీజీ తీగ పెట్టి ఎఫ్‌టీడీఐ కేబుల్ యంత్రాలనూ దించుకోవచ్చు. పడవ దిగి చేతులు తుడుచుకున్నాక పని అయిపోతుంది, సిగ్నల్ వచ్చాక క్లౌడ్ ద్వారా ఇంటి కంప్యూటర్‌కు అందుతుంది. ఐఫోనుకు బ్లూటూత్ ఒక్కటే దారి. పాత కేబుల్ యంత్రం, ఐఫోను ఉన్నవారికి ఇది కుదరదు.

ఎవరికి ఏది

అప్పుడప్పుడు వెళ్లి అద్దె యంత్రంతో దిగేవారికి ఇవేవీ అక్కర్లేదు. తీరానికి రాగానే యంత్రంలోని లాగ్‌బుక్ పేజీలను ఫోనుతో ఫొటో తీసుకుని, గరిష్ఠ లోతు, సమయం, ఉష్ణోగ్రత, సిలిండరు ఒత్తిడి సబ్‌సర్ఫేస్‌లో చేత్తో ఎక్కించండి. లోతు గీత మాత్రం రాదు. డైవులు పది, పదిహేను దాటనివారు కేబుల్ కోసం డబ్బు ఖర్చు చేస్తే వృథా.

పాత సూంటో సొంతంగా ఉన్నవారికి నా మాట: ఎఫ్‌టీడీఐ కన్వర్టర్, సబ్‌సర్ఫేస్. ఈ జంట కుదరకపోతేనే పాత ల్యాప్‌టాప్. గెలీలియో, స్మార్ట్ తరం ఉన్నవారు తిరగేసి చదువుకోవాలి, పాత ల్యాప్‌టాప్ మొదట, తక్కినవి తర్వాత.

శిక్షణ ఇచ్చేవారికి కంపెనీ సాఫ్ట్‌వేర్, సబ్‌సర్ఫేస్ రెండూ కావాలి. ఫర్మ్‌వేర్ కోసం మొదటిది, విద్యార్థికి గ్రాఫు చూపించి ఇదిగో ఇక్కడ నువ్వు గబగబా తేలావు అని వేలు పెట్టి చూపడానికి రెండోది. పైకి వచ్చే వేగాన్ని అది రంగుల్లో చూపుతుంది. నీటిలో వందసార్లు సైగ చేసి చెప్పినదానికంటే ఆ ఎర్రగీత బాగా ఎక్కుతుంది.

ఓడరేవుల్లో, చమురు వేదికల దగ్గర పనిచేసే వృత్తి డైవర్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. పైనుంచి గాలి గొట్టంతో దిగే పనుల్లో లోతును పైనున్న సూపర్‌వైజరే న్యూమో అనే లోతు కొలిచే గొట్టం ద్వారా చూస్తారు, ఆయన సంతకం చేసిన కాగితపు లాగ్‌బుక్కే లెక్కకు వస్తుంది. మణికట్టు మీది యంత్రం ఫైలు దానికి బదులు కాదు. ఆ కాగితాలను స్కాన్ చేసి దాచుకోవడమే వీరికి మొదటి పని.

కొత్త యంత్రం కొనబోయేవారు బ్లూటూత్ ఉన్నదే చూడండి. దుకాణానికి వెళ్లేముందు సబ్‌సర్ఫేస్ మద్దతిచ్చే మోడళ్ల జాబితాలో దాని పేరుందో లేదో చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కొనేవారు కేబుల్‌తో కలిపి బేరమాడండి. కేబుల్ లేని పాత యంత్రం ఎంత చవకగా ఇచ్చినా ఆలోచించాలి, ఆ తీగ విడిగా దొరకడమే గగనం.

దించే ముందు, దించాక

ఉప్పు గట్టిపడిన పిన్నులు సగం వైఫల్యాలకు మూలం. యంత్రాన్ని గోరువెచ్చని మంచినీటిలో కాసేపు ఉంచి, మెత్తని పళ్ల బ్రష్‌తో పిన్నుల మీద మెల్లగా రుద్ది, పూర్తిగా ఆరాకే కేబుల్ తగిలించండి. బ్యాటరీ బలహీనంగా ఉంటే దించడం మధ్యలో ఆగిపోతుంది. అలాగని తొందరపడి బ్యాటరీ మార్చకండి. పనిచేస్తున్నంతవరకు ముందు డేటా దించి, తర్వాత మార్చండి. చాలా మోడళ్లలో బ్యాటరీ తీయగానే గడియారం, శరీరంలో మిగిలిన నత్రజని లెక్క రెండూ సున్నాకు వస్తాయి. డైవుల మధ్య విరామంలో బ్యాటరీ మారిస్తే యంత్రం మీరు ఆ రోజు నీటిలోకే దిగలేదనుకుంటుంది, తర్వాతి డైవుకు అది చెప్పే నిమిషాలు ప్రమాదకరం.

లినక్స్‌లో కేబుల్ కనిపిస్తున్నా అనుమతి లేదని వస్తే మీ వాడుకరి పేరును డయల్‌ఔట్ (dialout) గుంపులో చేర్చి, బయటికి వెళ్లి మళ్లీ లాగిన్ అవ్వండి.

సబ్‌సర్ఫేస్‌లో డౌన్‌లోడ్ కిటికీలో డంప్ ఫైలు దాచే గడి ఒకటి ఉంటుంది. దాన్ని టిక్ చేయండి. యంత్రం జ్ఞాపకంలో ఉన్నది ఉన్నట్టు ఒక ఫైలుగా వస్తుంది. ఈ రోజు ఏదైనా లెక్క తప్పుగా అర్థమైనా, రేపు మెరుగైన వెర్షన్ వచ్చినప్పుడు ఆ ముడి సమాచారం నుంచి మళ్లీ తీయవచ్చు, యంత్రం అప్పటికి పాడైపోయినా సరే.

దించాక తేదీలు చూడండి. పాత యంత్రాల గడియారం ఏళ్ల తరబడి ఎవరూ సరిచేసి ఉండరు. ఉదయం ఎనిమిదికి దిగిన డైవు రాత్రి ఎనిమిదికి చూపితే 12 గంటల పద్ధతిలో పొరపాటు జరిగిందని అర్థం. సబ్‌సర్ఫేస్‌లో ఆ డైవులన్నీ ఎంచుకుని ఒకేసారి సమయం జరపవచ్చు. లాగ్‌బుక్కులోని కాగితపు తేదీతో మొదటి డైవునూ, చివరి డైవునూ పోల్చండి. రెండూ సరిపోతే మధ్యవి కూడా చాలావరకు సరే.